వస్తువుకు గతి: గృహసంచయం, ఆరోగ్యం, మనశ్శుద్ధి – ఒక చారిత్రక పరిశీలన



గృహప్రవేశ సమయంలో ఆహ్వానింపబడే దేవతలలో వాస్తోష్పతి ముఖ్యుడు. ఋగ్వేదం ఏడవ మండలంలోని 54వ సూక్తం ఆయనను ఉద్దేశించినది. మూడే మంత్రాలు గల ఆ చిన్న సూక్తానికి వసిష్ఠ మహర్షి ద్రష్ట. మొదటి మంత్రంలోనే ఋషి గృహాధిదేవతకు రెండు విశేషణాలను ప్రక్కప్రక్కన ఉంచినాడు. ఒకటి ‘స్వావేశ’, అనగా సుఖంగా ప్రవేశించదగినవాడు. రెండవది ‘అనమీవ’, అనగా రోగరహితుడు. ఇల్లు ప్రవేశానికి సుకరంగా ఉండడం, ఇంటిలో వ్యాధి లేకుండడం – ఈ రెండు వరాలనూ వేదం ఒకే ఊపిరిలో కోరినది.

ఈ మంత్రంతో ప్రవేశించిన ఇంటిని ఇరువది సంవత్సరాల తరువాత చూడండి. పాలు పొంగించిన నాడు ఆ ఇంటిలో ఉన్నవి కొత్త పొయ్యి, దేవుని పటం, కలశం, పీటలు. నేడు ఒక గది తలుపు సగమే తెరుచుకుంటుంది. అటక మీద ఏమున్నదో ఇంటి యజమానికి తెలియదు. మంచం క్రింద పెట్టెలు, పెట్టెల మీద సంచులు, బీరువాలో కట్టని చీరలు. పూజామందిరంలో రంగు వెలసిన పటాలు, గడచిన సంవత్సరాల పంచాంగాలు, ఏ క్షేత్రం నుండి వచ్చినవో గుర్తులేని కుంకుమ పొట్లాలు. ఒక మూల కీర్తిశేషురాలైన తల్లి మంచం, దాని మీద ఆమె దుప్పటి. తీయడానికి చేయి రాదు, చూస్తే మనసు నిలువదు. ఆ గదిలో జపానికి కూర్చున్న సాధకుని దృష్టి మాల మీద నుండి మూటల మీదికి పోతుంది.

ఇది కేవలం ఇల్లు సర్దుకునే విషయమని, శాస్త్రానికి దీనితో పని లేదని పలువురు భావిస్తారు. భారతీయ వాఙ్మయాన్ని క్రమంగా పరిశీలిస్తే వేరొక సత్యం కనబడుతుంది. వేదకాలం నుండి ఆగమ సంప్రదాయం వరకు మన పూర్వులు ఈ ప్రశ్నను విడువక విచారించినారు. వారు సంచయాన్ని నిందించలేదు. గతి లేని సంచయాన్ని నిందించినారు. ఆ విచారణ నడచిన దారిని గుర్తించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వైదిక గృహం: సమృద్ధి, శుచి

వేదఋషి శూన్యమైన ఇంటిని కోరలేదు. అథర్వవేదం మూడవ కాండలోని శాలాసూక్తం గృహాన్ని విశాలమైన కప్పు గలదిగా, శుద్ధమైన ధాన్యం గలదిగా కీర్తిస్తుంది. సాయంకాలం దూడలు, పిల్లలు, పాడి ఆవులు ఆ ఇంటికి చేరాలని ప్రార్థిస్తుంది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని సమృద్ధిగా చేసుకొమ్మని వ్రతంగా విధించి, వెంటనే వసతి కోరి వచ్చిన వానిని కాదనరాదని మరొక వ్రతాన్ని చెప్పినది. ఈ రెండింటిని కలిపి చదివినప్పుడే ఋషి హృదయం తెలుస్తుంది. అన్నం సమృద్ధిగా ఉండవలసినది అతిథి కోసం. వచ్చినది నలుగురికీ చేరాలి. అదే వైదిక సమృద్ధి.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. ఋగ్వేదం పదవ మండలంలోని 155వ సూక్తం అలక్ష్మిని వెడలగొట్టే సూక్తం. శ్రీసూక్తంలో అలక్ష్మి ఆకలిగా, దప్పికగా, మలంగా వర్ణింపబడినది. ఇక్కడ మలం అంటే మాలిన్యం. లక్ష్మీదేవిని పిలిచే సూక్తమే మాలిన్యాన్ని తొలగించమని కూడా అడుగుతున్నది. స్థలం లేని చోటికి అతిథి రాలేడు. శ్రీదేవి విషయంలోనూ ఋషి భావన ఇదే.

ధర్మశాస్త్రం: గాదె, కుండ, రేపు

మనుస్మృతి మూడవ అధ్యాయం గృహస్థుని ఇంటిలో ఐదు హింసాస్థానాలు ఉన్నాయని చెప్పినది: పొయ్యి, సన్నికల్లు, ఉపస్కరం, రోలు, నీటికుండ. వీటికి పంచసూనలని పేరు. ఇందులో మూడవదైన ‘ఉపస్కరం’ అనే పదం గమనింపదగినది. గృహోపకరణ సామగ్రి అని దాని సామాన్యార్థం. వ్యాఖ్యాతలు చీపురు మొదలైన వాటిని ఉదాహరించినారు. ఇంటి సామాను నిరపాయమైనది కాదని, ప్రతి వస్తువు క్రింద, ప్రతి మూలలో సూక్ష్మప్రాణుల హింస ఉన్నదని స్మృతికారుని దృష్టి. ఆ దోషానికి పరిహారంగానే దేవ, ఋషి, పితృ, భూత, మనుష్య యజ్ఞాలనే పంచమహాయజ్ఞాలు విధింపబడినాయి. సామగ్రి ఎంత పెరిగితే గృహస్థుని ఋణం అంత పెరుగుతుందని దీని తాత్పర్యం.

అదే స్మృతి నాల్గవ అధ్యాయం గృహస్థబ్రాహ్మణులను నిలువ ధాన్యాన్ని బట్టి నాలుగు విధాలుగా చెప్పినది. గాదె నిండుగా ధాన్యం గలవాడు కుసూలధాన్యకుడు. కుండెడు ధాన్యం గలవాడు కుంభీధాన్యకుడు. మూడు దినాలకు సరిపడ గలవాడు త్ర్యహైహికుడు. రేపటికి ఏమియు లేనివాడు అశ్వస్తనికుడు. వీరిలో ముందు చెప్పినవాని కంటె తరువాత చెప్పినవాడు శ్రేష్ఠుడని స్మృతి నిర్ణయం. యాజ్ఞవల్క్యస్మృతి కూడా ఇదే క్రమాన్ని అనుసరించినది.

ఈ నలుగురూ గృహస్థులే, నలుగురూ ధర్మమార్గంలో ఉన్నవారే. గాదె గలవానిని శాస్త్రం వెలివేయలేదు. అయితే నలుగురి సంచయానికీ ఒక కొలత ఉన్నది. గాదెకు అంచు ఉన్నది, కుండకు మూతి ఉన్నది, మూడు దినాలకు లెక్క ఉన్నది. తన ఇంటిలో ఎంత ఉన్నదో ఎరుగని గృహస్థునికి ఆ వర్గీకరణలో చోటే లేదు.

కౌటిల్యుని కోష్ఠాగారం

సంచయశాస్త్రాన్ని అత్యంత వ్యావహారికంగా చెప్పిన గ్రంథం కౌటిల్యుని అర్థశాస్త్రం. రెండవ అధికరణంలోని కోష్ఠాగారాధ్యక్ష ప్రకరణం ఏ వస్తువును ఎక్కడ ఉంచాలో నిర్దేశిస్తుంది. ధాన్యం ఎత్తైన చోట, బెల్లం వంటివి గట్టిగా అల్లిన బుట్టలలో, నూనెలు మట్టి లేదా కొయ్య పాత్రలలో, ఉప్పు నేలపై. వచ్చిన ధాన్యంలో సగం ఆపత్కాలంలో జనపదాల వారి కోసం నిలువ చేయాలి. మిగిలిన సగం వాడాలి. నిలువ ఉన్న పాతదానిని తీసి, కొత్తదానితో భర్తీ చేస్తూ ఉండాలి.

ఈ చివరి నియమంలోనే రహస్యమంతా ఉన్నది. రాజ్యమంతటికీ కరవు వచ్చినా ఆదుకోవలసిన కోష్ఠాగారంలో సైతం ఏ గింజా శాశ్వతంగా ఉండరాదు. పాతది బయటికి నడవాలి, కొత్తది లోనికి రావాలి. నిలువ చేయడం రాజధర్మమే. నిలువ చేసినదానిని మరచిపోవడం మాత్రం అధ్యక్షుని దోషం.

నాగరిక ప్రకరణం ఇంకొక కోణాన్ని చూపుతుంది. వేసవిలో అగ్నిభయం ఉన్నందున గడ్డి, చాపలు కప్పిన వాటిని తొలగించాలని, ఇళ్లలో నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం మొదలైన సాధనాలు సిద్ధంగా ఉండాలని నియమం. వీధిలో చెత్త వేసినవానికి పణంలో ఎనిమిదవ వంతు దండన. ఒక ఇంటి నిర్లక్ష్యం ఆ ఇంటితో ఆగదని ఆనాటి నగరపాలకుడు ఎరిగినాడు.

ఆయుర్వేదం: రోగి గదిలో ఏముండాలి

గృహస్థితికీ శరీరస్థితికీ గల సంబంధాన్ని ఆయుర్వేద సంహితలు స్పష్టంగా చెప్పినాయి. చరకసంహిత సూత్రస్థానం 15వ అధ్యాయంలో పంచకర్మ చికిత్సకు ముందు నిర్మించవలసిన గృహలక్షణాలు ఉన్నాయి. అది దృఢంగా ఉండాలి. పెనుగాలి తగలకూడదు, అయినా ఒక ప్రక్క నుండి గాలి ఆడాలి. పొగ, ఎండ, దుమ్ము, నీరు లోనికి రాకూడదు. వీటితో పాటు ఆ గృహం ‘సుఖప్రవిచారం’ కావాలని చరకుడు అన్నాడు. సుఖంగా అటు ఇటు నడవడానికి వీలైన చోటు అని అర్థం. ఔషధం ఇవ్వకముందే వైద్యుడు అడిగిన వస్తువు ఖాళీ స్థలం.

శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో శిశువు పెరిగే కుమారాగారం వర్ణింపబడినది. అక్కడ ఎలుకలు, మిడతలు, కోరలు గల జంతువులు ఉండరాదు. నీటి తావు, రోలు, స్నానభూమి, మలమూత్రస్థానాలు, వంటిల్లు చక్కగా విభజింపబడి ఉండాలి. ‘సువిభక్తం’ అనేది అక్కడి పదం. ఏది ఎక్కడ ఉండాలో అది అక్కడ ఉండడమే సువిభక్తత. సుశ్రుతసంహిత సూత్రస్థానం 19వ అధ్యాయం గాయపడిన రోగి శయ్య ‘అసంబాధం’గా, అనగా ఇరుకు లేకుండా, చక్కగా పరచబడి, మనోహరంగా ఉండాలని విధించినది. మనోహరత్వాన్ని శల్యతంత్రజ్ఞుడు చికిత్సలో భాగంగా చెప్పడం గమనార్హం. కన్ను చూచినదానిని మనస్సు మోస్తుంది. మనస్సు మోసినదానిని శరీరం అనుభవిస్తుంది.

ఎలుకల విషయంలో చరకుని జాగ్రత్త ఎంత విలువైనదో చరిత్ర కఠినంగా నిరూపించినది. 1896లో బొంబాయిలో మహామారి ప్రబలి దేశమంతటా వ్యాపించినది. అది ఎలుకల మీది గోమార్ల ద్వారా మనుష్యులకు సంక్రమిస్తుందని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రయోగపూర్వకంగా చూపినాడు. మనుష్యుడు కదపని మూలలే ఎలుకకు నివాసం.

పరిగ్రహం: పట్టినది పట్టుకుంటుంది

శరీరం నుండి మనస్సు వైపు వస్తే యోగశాస్త్రం ఎదురవుతుంది. పతంజలి మహర్షి ఐదు యమాలలో చివరిదిగా అపరిగ్రహాన్ని, ఐదు నియమాలలో మొదటిదిగా శౌచాన్ని చెప్పినాడు. రెండింటి నడుమ వేరొకటి లేదు. అపరిగ్రహం ముగిసిన చోటనే శౌచం మొదలవుతుంది.

వ్యాసభాష్యం విషయసేకరణలో ఐదు దోషాలను చూపినది. సంపాదించడంలో శ్రమ, రక్షించడంలో చింత, క్షయించినప్పుడు దుఃఖం, ఉన్నంతకాలం సంగం, వీటన్నిటిలోనూ హింస. ఇంటిలోని ఏ ఒక్క అనవసర వస్తువును తీసుకున్నా ఈ ఐదూ వరుసగా కనబడతాయి. కొన్ననాడు ధనం పోయినది. పెట్టినచోట స్థలం పోయినది. దుమ్ము దులపడానికి కాలం పోయినది. పగిలితే బాధ, పారవేయబోతే సంకోచం.

‘పరిగ్రహం’ అనే పదాన్నే విచారించవచ్చును. ‘గ్రహ’ ధాతువుకు పట్టుట అని అర్థం. ‘పరి’ అంటే చుట్టూ. చుట్టూ ఉన్నదానిని పట్టుకొనుట పరిగ్రహం. అదే ధాతువు నుండి పుట్టిన ‘గ్రాహం’ అనే పదానికి మొసలి అని అర్థం. గజేంద్రుని పాదం పట్టినది గ్రాహమే. పట్టేవాడు తానే అని గృహస్థుడు అనుకుంటాడు. కొంతకాలానికి పట్టుబడినది ఎవరో తెలుస్తుంది.

జైనాచార్యుడైన ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో పరిగ్రహాన్ని వస్తువుల సంఖ్యతో గాక మూర్ఛతో, అనగా మమకారమోహంతో నిర్వచించినాడు. జైనశ్రావకులు పొలం, ఇల్లు, బంగారం, ధాన్యం, పాత్రసామగ్రి ఇత్యాదులకు స్వయంగా ఒక పరిమితిని సంకల్పించుకునే వ్రతం నేటికీ ఉన్నది. బౌద్ధభిక్షువు అదనపు చీవరాన్ని పది దినాలకు మించి ఉంచుకొనరాదని వినయనియమం. మార్గాలు వేరైనా ఈ విషయంలో భారతీయ ఆధ్యాత్మికత ఏకకంఠంతో పలికినది.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో ధ్యానయోగిని వర్ణిస్తూ పదవ శ్లోకంలో అపరిగ్రహుడని, పదకొండవ శ్లోకంలో శుచియైన ప్రదేశంలో ఆసనం వేసుకోవాలని భగవానుడు చెప్పినాడు. మనస్సును ఏకాగ్రం చేయుమనే మాట పన్నెండవ శ్లోకంలో గాని రాదు. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. పతంజలి కూడా శౌచానికి ఫలంగా సత్త్వశుద్ధిని, సౌమనస్యాన్ని, ఏకాగ్రతను, ఇంద్రియజయాన్ని, ఆత్మదర్శన యోగ్యతను వరుసగా చెప్పినాడు. ఆ సోపానంలో మొదటి మెట్టు ఇంటి గడప దగ్గరనే ఉన్నది.

జ్యేష్ఠాదేవి కథ

పౌరాణిక సాహిత్యం ఈ తత్త్వానికి ఒక రూపం ఇచ్చినది. సముద్రమథనంలో శ్రీదేవి కంటె ముందు పుట్టినది జ్యేష్ఠాదేవి. లింగపురాణం ఆమె భర్తకు దుస్సహుడని పేరు పెట్టి, వేదఘోష, భగవన్నామం, అతిథిపూజ గల ఇళ్లలో ఆ దంపతులకు ప్రవేశం లేదని, అవి లేని ఇళ్లే వారికి నిలయాలని వివరించినది.

ఈమె ఒకప్పుడు విస్తృతంగా పూజింపబడిన దేవత. బోధాయన గృహ్యసంప్రదాయంలో జ్యేష్ఠాకల్పం ఉన్నది. ఎనిమిదవ శతాబ్దికి చెందిన కాంచీపుర కైలాసనాథాలయంలో ఆమె శిల్పం నేటికీ కానవస్తుంది. పల్లవ, చోళ దేశాలలో కాకి ధ్వజంతో కూడిన ఆమె విగ్రహాలు అనేకం. తొండరడిప్పొడి ఆళ్వారు తిరుమాలైలో జ్యేష్ఠను ఆశ్రయించి సంపదను ఎదురుచూచేవారిని మందలించినారు. క్రమంగా ఆ ఆరాధన సన్నగిల్లినది.

మిగిలినది గృహాచారం. దీపావళి సందర్భంలో అర్ధరాత్రి స్త్రీలు చేటలు, డప్పులు మ్రోగిస్తూ ఇంటి ముంగిలి నుండి అలక్ష్మిని వెడలగొట్టే ఆచారాన్ని ధర్మనిబంధ గ్రంథాలు పేర్కొన్నాయి. తెలుగునాట సంక్రాంతికి ముందునాడు భోగిమంటలో విరిగిన పాత కొయ్యసామాను వేయడం, మహానవమికి పనిముట్లన్నీ బయటికి తీసి శుభ్రపరచి పూజించడం, ఏటా పెట్టె విప్పి బొమ్మలకొలువు తీర్చడం ఈ కోవలోనివే. కొలువు బొమ్మలు సంవత్సరమంతా పెట్టెలోనే ఉంటాయి. అయినా ఏడాదికి ఒకమారు వెలుగు చూస్తాయి, తుడవబడతాయి, తరువాతి తరం చేతికి అందుతాయి. అది గతి గల సంచయం.

దానం, విసర్జనం, వియోగం

సంచయానికి గతి ఏది? భర్తృహరి నీతిశతకంలో ధనానికి దానం, భోగం, నాశనం అని మూడు గతులు చెప్పినాడు. ఇవ్వక, అనుభవింపక ఉంచినదానికి మూడవ గతి తప్పదు. అటక మీది వస్తువులన్నీ ఆ మూడవ గతి కోసం ఎదురుచూస్తున్నవే.

దానగతికి చరిత్రలో ఒక మహోదాహరణం ఉన్నది. హర్షచక్రవర్తి ఐదేండ్లకు ఒకమారు ప్రయాగలో మహాదానపరిషత్తు జరిపేవాడు. క్రీ.శ. 643లో జరిగిన దానిని చీనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్ స్వయంగా చూచినాడు. 75 దినాల పాటు కోశంలో సంచితమైన ధనమంతా పంచిపెట్టి, చివరకు ఒంటిమీది ఆభరణాలను కూడా ఇచ్చివేసి, సోదరి రాజ్యశ్రీ ఇచ్చిన పాత వస్త్రాన్ని ధరించి చక్రవర్తి దేవతార్చన చేసినాడు. సామాన్య గృహస్థునికి ఇది సాధ్యం కాదు, శాస్త్రం విధించనూ లేదు. కాలనియమంతో కోశాన్ని ఖాళీ చేసిన ఆ క్రమశిక్షణ మాత్రం అనుకరణీయం.

దానంలోనూ ఒక వివేకం కావాలి. కఠోపనిషత్తు ఆరంభంలో వాజశ్రవసుడు సర్వస్వదానం చేస్తున్నాడు. అతడిచ్చినవి ముసలి ఆవులు. అవి ఇక నీరు త్రాగలేవు, గడ్డి మేయలేవు, పాలివ్వలేవు, ఈనలేవు. బాలుడైన నచికేతుడు అది చూచి, ఇటువంటి దానం చేసినవానికి ఆనందరహితలోకాలే కలుగుతాయని తలచినాడు. ఇల్లు శుభ్రం చేసుకోవడానికి చిరిగిన బట్టలను, పనిచేయని పరికరాలను బీదవాని గుమ్మంలో పోసి దానమని పేరు పెట్టడం ఇటువంటిదే. వాడదగినది వాడదగిన స్థితిలో ఉండగానే ఇవ్వాలి. వాడరానిది దానార్హం కాదు, విసర్జనార్హం.

విసర్జనం పాపమని సాధకులకు తరచు సందేహం కలుగుతుంది. దేవతాపటాల విషయంలో ఆ భయం మరింత ఎక్కువ. ఆగమశాస్త్రం ఈ సందేహాన్ని ఎప్పుడో తీర్చినది. ఆలయంలో మూలమూర్తియే జీర్ణమైతే దేవతాకళను విధిపూర్వకంగా కలశంలోనికి ఆకర్షించి, జీర్ణబింబాన్ని విసర్జిస్తారు. దారుమూర్తిని అగ్నికి, శిలామూర్తిని జలానికి అర్పించడం విధి. శతాబ్దాలుగా పూజలందుకున్న విగ్రహానికే గతి విధింపబడినప్పుడు, రంగు వెలసిన కాగితపు పటానికి గతి లేదని అనుకోవడం అజ్ఞానం. గాజును, చట్రాన్ని వేరు చేసి, నమస్కరించి, ఆ కాగితాన్ని అగ్నికి గాని, చెట్టు మొదట మట్టికి గాని సమర్పిస్తే దోషం లేదు. నదిలో వేసి నీటిని మలినపరచడం, ప్లాస్టిక్ వస్తువులను భోగిమంటలో వేసి గాలిని విషపూరితం చేయడం మాత్రం శౌచానికి విరుద్ధం.

అన్నిటికంటె కష్టమైనవి మరణించినవారి వస్తువులు. తల్లి మంచాన్ని తీయలేని కుమారుని ముందు అపరిగ్రహసూత్రం వల్లించడం కఠినత్వమే అవుతుంది. ధర్మశాస్త్రం ఆ దుఃఖాన్ని ఎరిగియున్నది. అందుకే అపరక్రియలలో శయ్యాదానం ఉన్నది. మంచం, పరుపు, గొడుగు, పాదరక్షలు, పాత్రలు, వస్త్రాలు విధిపూర్వకంగా దానమిస్తారు. పరలోకయాత్రలో అవి జీవునికి ఉపకరిస్తాయని గరుడపురాణ సంప్రదాయం. ఇహలోకంలో మిగిలినవారికి జరిగే ఉపకారం కూడా తక్కువది కాదు. విడువలేని చేతికి శాస్త్రం ఒక మంత్రాన్ని, ఒక తిథిని, పుచ్చుకునే వేరొక చేతిని ఇచ్చినది. నేడు పలుచోట్ల శయ్యాదానం కొంత ద్రవ్యంగా మారి, అసలు శయ్య ఇంటిలోనే నిలిచిపోతున్నది. దానితో దుఃఖం కూడా నిలిచిపోతున్నది.

స్మృతిచిహ్నంగా ఒక వస్తువును భక్తితో ఉంచుకుంటే తప్పు లేదు. అయితే మన సంప్రదాయంలో పితృస్మరణకు వస్తురాశి అవసరమే లేదు. శ్రాద్ధంలో నువ్వులు, నీరు, దర్భ, నామగోత్రాలతోనే పితృదేవతలు తృప్తి చెందుతారు. తల్లి దుప్పటిలో లేదు. సంవత్సరానికి ఒకమారు పలికే ఆమె పేరులో ఉన్నది.

ఆనందనిలయంలో ఆదర్శం

ఈ సంప్రదాయమంతటికీ సజీవమైన నిదర్శనం తిరుమల క్షేత్రంలో ఉన్నది. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి – ఈ నాలుగు పర్వాలకు ముందు వచ్చే మంగళవారం నాడు అక్కడ కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. కోయిల్ అంటే ఆలయం, తిరుమంజనం అంటే పవిత్రస్నానం. ఆనాడు స్నానం స్వామివారికి కాదు, ఆలయానికి.

మూలవిరాట్టును వస్త్రంతో కప్పుతారు. గర్భాలయంలోని ఇతర మూర్తులను, పూజాసామగ్రిని వెలుపలికి తెస్తారు. గోడలు, పైకప్పు, పాత్రలు శుద్ధజలంతో కడుగుతారు. ఆ పిదప నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరిపసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, గంధం, కుంకుమ, కిచ్చిలిగడ్డ కలిపిన పరిమళద్రవ్యాన్ని ఆలయమంతటా పూస్తారు. తరువాతనే వస్త్రం తొలగించి నివేదన చేస్తారు, భక్తులకు దర్శనం లభిస్తుంది.

నిత్యమూ ఇదే న్యాయం నడుస్తుంది. నిన్న స్వామికి సమర్పించిన పుష్పమాల ఎంత విలువైనదైనా నేడు నిర్మాల్యమే. తీసివేసిన తరువాతనే కొత్త మాలకు చోటు. తిరుమలలో ఆ నిర్మాల్యపుష్పాలు పూలబావికి చేరే సంప్రదాయం ఉండేది. దేవుని ఒంటిమీది పువ్వుకే ఒక దినం గతి. లక్ష్మీపతి సన్నిధిలోనే సంవత్సరానికి నాలుగుమార్లు సామగ్రి బయటికి వస్తున్నప్పుడు, లక్ష్మీకటాక్షం కోరే గృహస్థుడు తన గదిని ఒకమారైనా తీయకపోవడం ఎట్లు సమంజసం?

వర్తమానం చెప్పుతున్నది

ఆధునిక పరిశోధన కూడా ఈ దిశలోనే వచ్చినది. లాస్ ఏంజెలెస్ నగరంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఉద్యోగస్థులైన దంపతుల గృహజీవితాన్ని అధ్యయనం చేసినారు. తమ ఇంటిని చిందరవందరగా, ముగియని పనులతో నిండినదిగా వర్ణించిన గృహిణులలో కార్టిసాల్ అనే హార్మోను ఉదయం నుండి సాయంకాలానికి సహజంగా తగ్గవలసినంత తగ్గలేదని, దినం గడిచిన కొద్దీ వారిలో విషాదభావం పెరిగినదని 2010లో ప్రకటించినారు. భర్తలలో ఈ సంబంధం అంత స్పష్టంగా కనబడలేదు. ఇంటి భారాన్ని ఎవరి మనస్సు మోస్తున్నదో దీనివలన ఊహించవచ్చును. ఇల్లు సర్దడం గృహిణి ఒక్కతె పని అని తలచే పురుషులు ఈ విషయాన్ని ఆలోచించాలి. సంపాదించి తెచ్చిన చేతులన్నీ తీసివేయడంలోనూ కలవాలి.

మరొక విషయం కరుణతో గ్రహించవలసినది. దేనినీ విడువలేని స్థితి కొందరిలో వ్యాధిగా పరిణమిస్తుంది. అమెరికా మానసికవైద్యుల సంఘం 2013లో దీనిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణలోనూ ఇది చేరినది. అటువంటివారిని లోభులని నిందించరాదు. వారికి తెలియకుండా వస్తువులను పారవేయడం కూడా హితం కాదు. వారికి ఉపదేశం కన్న వైద్యుని సాయం, ఆత్మీయుల సహనం అవసరం.

సాధకులకు

పర్వదినానికి ముందు ఒక మంగళవారం, ఒక గది, ఒక అర – ఇంతటితో ఆరంభించవచ్చును. పూజామందిరమే మొదటిది కావడం శ్రేయస్కరం. మూర్తులను భక్తితో ఒక పీటపై ఉంచి, సమస్తమూ బయటికి తీసి, కడిగి తుడిచి, నిత్యపూజకు వచ్చేవానినే తిరిగి లోపల పెట్టాలి. మిగిలినవానిలో ప్రతిదానినీ చేతిలోనికి తీసుకొని ఒకే ప్రశ్న వేసుకోవాలి: దీనికి గతి ఏది? ఉపయోగమా, దానమా, విసర్జనమా? మూడింటిలో ఏదో ఒకటి నిర్ణయమయ్యే వరకు దానిని మరల అటక ఎక్కించరాదు.

ఆ విధంగా ఒక దినం గడిచిన తరువాత ఆ గదిలో దీపం వెలిగించి కూర్చుంటే, మొదట తెలిసేది నిశ్శబ్దం. మూటల మీదికి పోయే దృష్టి మాల మీద నిలుస్తుంది. తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. వసిష్ఠ మహర్షి వాస్తోష్పతిని కోరిన రెండు వరాలలో మొదటిది అప్పుడే సిద్ధించినట్లు. రెండవది దాని వెంట వస్తుంది.

స్వస్తి.